పచ్చ చుక్క

ఏనుమాముల మార్కెట్ ఆఫీసు వెనక గదిల
ఒకప్పుడు తూకం రాళ్లు పెట్టేటోళ్లంట.
ఇప్పుడు అండ్ల ఒక సర్వర్, ఒక కూలర్, నేను.
తలుపు తీసిన ఏ మనిషైనా ముందు తుమ్ముతడు,
తర్వాత మాట్లాడుతడు.
మిరప గాలి. ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి నూగు.
పదిహేను రోజులకోసారి మూత విప్పి
పెయింటు బ్రష్షుతోని దులుపుత.
ఈ పని ఏ పుస్తకంల రాసి లేదు.

రాత్రిపూట సుబేదారిల ఉంట,
జిరాక్స్ షాపు మీది అర్రల,
ఫోను దిండు కింద పెట్టుకొని పండుకుంట.
నిమిషానికోసారి నా స్క్రిప్టు పోయి తలుపు కొడతది:
ఉన్నవా?
ఉన్న.
ఉన్నవా?
రెండు వందలు, అని బదులొస్తది.
మా భాషల అది పైసలు కాదు, బాగనే ఉన్న అనుడు.
బదులొస్తే తెర మీద పచ్చ చుక్క.
రాకుంటే ఎర్రది, దిండు కింద మోత.

మోగిన రాత్రులన్నీ యాదికున్నయ్.
లాగులు పేరుకొని డిస్కు నిండిన రాత్రి,
పాత చిట్టా చింపుడు నేనే మర్చిపోయిన.
సర్టిఫికెట్ గడువు తీరి, జనం ఫోన్లు
మా పేజీని దొంగలెక్క చూసిన ఆదివారం.
ఎలుక కొరికిన కేబుల్.
ఓదెమ్మ ఊడుస్తూ ఊడుస్తూ
ప్లగ్గు పీకి తన ఫోను పెట్టుకున్న పొద్దు:
"అరుస్తలేదు గద, పండుకున్నదనుకున్న బిడ్డా."
ఆమెను ఏమంట? ప్లగ్గు మీద టేపేసిన.

తెల్లారక ముందే మొదలైతది తాకిడి.
పరకాల, నర్సంపేట, ములుగు దిక్కులల్ల
బస్తాలు బండికెత్తే ముందు ధర చూసుకుంటరు.
తేజ ఎంత, వండర్ హాట్ ఎంత, చపాట ఎంత.
రోజూ మొదటి వరుస ఒకటే:
మూడూ పన్నెండుకు ఒక పాత ఫోను,
సన్నటి సిగ్నలు,
పేజీ తెరుసుకోను పదకొండు సెకన్లు.
ఆ మనిషి కోసమే బొమ్మలన్నీ తీసేసిన.
మొగిలి సార్ అడిగిండు, చైర్మన్ ఫొటో ఏదని.
బరువైతుంది సార్, అన్న.
పదకొండు, నాలుగైంది.

ఫిబ్రవరిల ఒక గురువారం. పొద్దటిసంది పచ్చ చుక్కే.
తుమ్ముకుంట ఒక ముసలాయన లోపలికొచ్చిండు.
బానోతు హర్యా, ఖానాపురం దిక్కు తండా.
తొమ్మిది బస్తాల తేజ, కిరాయి బండి.
ఫోను నా ముంగట పెట్టిండు.
"ఇండ్ల ఇట్లున్నది. యార్డుల ఇట్ల లేదు."
చూసిన. మా పేజీ. మా అక్షరాలు.
సోమవారం ధర.

ధరలు తెచ్చి పోసే చిన్న పని ఒకటుంటది,
రాత్రి పదకొండింటికి లేసేది.
మంగళవారం పాస్‌వర్డ్ మారింది, దానికెవరు చెప్పలే.
రెండు రాత్రులు లేసి, తలుపు తట్టి,
సప్పుడు చెయ్యక మల్ల పండుకున్నది.
సర్వర్ మాత్రం అడిగినోళ్లందరికీ
ఉన్న, ఉన్న అనుకుంట
చల్లారిన ధర వడ్డిస్తనే ఉన్నది.
క్వింటాలుకు పదిహేడు వందల తేడా.

"ఆగిపోతే, ఆగిపోయిందనుకొని ఇంకోల్లనడుగుతుంటి.
నడుసుకుంటనే అబద్ధమాడితే
ఎట్ల తెలుస్తది బిడ్డా?"
కోపంగ అనలే. నడుమ తుమ్మొచ్చి ఆగిండు,
మిగిలింది తర్వాత అన్నడు.

ఆ రాత్రి స్క్రిప్టుల కొత్త ప్రశ్న రాసిన.
ఉన్నవా, కాదు.
నువ్వు చెప్పేది ఏ రోజు మాట?
ఇరవై ఆరు గంటలు దాటితే ఎర్ర చుక్క.
యార్డు బంద్ ఉన్న శని, ఆదివారాలు
ఊకెనే మోగుతది. మోగనీ.
పేజీ మీద ధర కన్న పెద్దగ తేదీ పెట్టిన.
క్యాలెండర్ లెక్కున్నదన్నడు మొగిలి సార్.
ఉండనీ.

ఇప్పుడు అన్నీ పచ్చగనే ఉన్నయ్, నిజంగనే.
ఆ మూడూ పన్నెండు వరుసొక్కటి
పదకొండు రోజులాయె, రాలే.
మిర్చి ఒడిసిందేమో. ఫోను చెడిందేమో.
హర్యానే ఆ మనిషో కాదో, అది గూడ తెల్వదు.
వచ్చినోళ్లను లెక్కపెట్టుడొచ్చు నాకు.
రానోళ్లకు అలారం ఏ గడువు మీద పెట్టాలె?

ఎవరు లేపకుండనే లేస్తున్న, మూడు దాటంగనే.
చీకట్ల ఫోను తీసి నేనే అడుగుత పేజీని.
నాలుగు సెకన్లు.
నిన్నటి ధర. నిన్నటి తేదీ.
సరిగ్గనే ఉన్నది.